గ్లవ్వు తప్పు చేతికొచ్చింది, బంతి మాత్రం బంగారం

ముందే చెప్పేస్తాను. పిల్లలకి బేస్‌బాల్ నేర్పుదామని ఆన్‌లైన్‌లో సెట్టు కొనే ఆలోచనలో ఏ డ్రిల్లు మాస్టారైనా ఉంటే, దయచేసి సెట్టు కొనకండి. బంతులు విడిగా దొరుకుతాయి, అవి కొనుక్కోండి. ఎందుకో కింద రాశాను, ఓపికుంటే చదవండి.

నేను విజయనగరం జిల్లాలో, చీపురుపల్లి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, ఇవే మా బడి ఆటలు. స్కూల్ గేమ్స్ జాబితాలో బేస్‌బాల్ కూడా ఉంది. దానికి పోటీ తక్కువ, మన పిల్లలు సెలక్షన్లలో గట్టెక్కుతారేమోనని చిన్న ఆశ. ఆశ అంటున్నాను గానీ నిజానికి లెక్కే. ఒక కర్ర బ్యాటు, ఒక గ్లవ్వు, రెండు బంతులు కలిపి 2,340 రూపాయలు. సొంత డబ్బులే. మా ఆవిడకి మాత్రం పద్దెనిమిది వందలని చెప్పాను.

గ్లవ్వు సంగతి ముందు తేల్చేద్దాం. ఆర్డరు పెట్టేటప్పుడు 'రైట్ హ్యాండ్', 'లెఫ్ట్ హ్యాండ్' అని రెండు గడులున్నాయి. పిల్లల్లో ఎక్కువమంది కుడిచేతి వాటమే కదా అని 'రైట్' నొక్కాను. అక్కడే బోల్తా పడ్డాను. బేస్‌బాల్‌లో గ్లవ్వు విసిరే చేతికి తొడగరు, రెండో చేతికి తొడుగుతారు. కుడిచేత్తో విసిరేవాడికి గ్లవ్వు ఎడమచేతికి కావాలి. ఆ అమ్మేవాడి లెక్కలో 'రైట్ హ్యాండ్' అంటే కుడిచేతికి తొడిగేది, అంటే ఎడమచేతి వాటం వాడిది. వేరేచోట్ల అదే మాటకి కుడిచేత్తో విసిరేవాడిది అని అర్థమట. ఇరవై రెండేళ్ళుగా ఆటలు నేర్పుతున్నాను, ఈ చిన్న సంగతి తట్టలేదు. మార్చమని అడిగితే వారం రోజులు తిప్పి, వాపసు గడువు అయిపోయిందని మెసేజీ పెట్టారు.

సరే, ఉన్నదాన్నే వాడదామనుకున్నాను. తోలని రాశారు, తీరా చూస్తే రెక్సిను. అరచేతి దగ్గర చెక్కలా బిగుసుకుపోయి ఉంది. గ్లవ్వు మెత్తబడాలంటే నూనె రాసి, మధ్యలో బంతి పెట్టి, తాడుతో కట్టి రెండు మూడు రోజులు వదిలేస్తారు. నేనూ నువ్వులనూనె రాసి, బంతి పెట్టి, పాత సైకిల్ ట్యూబుతో బిగించి, మీద హాజరు రిజిస్టర్లు పేర్చాను. మూడో రోజు విప్పితే రిజిస్టర్లకి నూనె మరకలు, గ్లవ్వు ఎప్పట్లాగే. రెక్సినుకి నూనె పట్టదు, దుమ్ము పడుతుంది.

ఎనిమిదో తరగతిలో ఒక్కడున్నాడు ఎడంచేతి వాటం వాడు. వాడికి సరిగ్గా సరిపోయింది. రెండు వారాలు ఆ గ్లవ్వు తొడుక్కునే తిరిగాడు, మధ్యాహ్న భోజనానికి కూడా తీయలేదు. సంక్రాంతి వెళ్ళాక వాళ్ళమ్మానాన్నలు చెన్నై వైపు బిల్డింగు పనులకి వలస పోతూ వాణ్ణీ తీసుకుపోయారు. గ్లవ్వు ఆటసామాను గదిలో మేకుకి వేలాడుతోంది. దానికి నేనిచ్చే రేటింగు ఐదింటికి ఒక్క చుక్క, అదీ ఆ పిల్లాడి ముఖం చూసి.

గ్లవ్వు లేకపోతే ఆట ఆగిపోతుందా? ఈ ప్రశ్న పట్టుకునే ఆ ఆట పాత చరిత్ర తిరగేశాను, నా పంట పండింది. ఈ ఆట పుట్టినప్పుడు అసలు గ్లవ్వే లేదు. న్యూయార్కులో నికర్‌బాకర్ అనే క్లబ్బు వాళ్ళు 1845లో రూల్సు రాసుకున్నారు. మరుసటేడు జూన్ 19న హోబోకెన్‌లో ఇంకో జట్టుతో ఆడి 23-1 తేడాతో చిత్తుగా ఓడారు. రూల్సు రాసినవాడికే దెబ్బలెక్కువ అన్నమాట. అప్పట్లో అందరివీ ఉత్త చేతులే. అందుకే ఒక వెసులుబాటు పెట్టుకున్నారు: గాల్లో లేచిన బంతిని ఒక్కసారి నేల తగిలాక పట్టుకున్నా అవుటే. మన వీధి క్రికెట్లో 'వన్ పిచ్ క్యాచ్' ఉంది చూడండి, అచ్చం అదే. ఇది చిన్నపిల్లల రూలు, మగాళ్ళం గాల్లోనే పట్టాలి అని కొన్నేళ్ళు తగువులాడుకుని, 1864 చివర్లో దాన్ని ఎత్తేశారు. ఎత్తేసినప్పుడూ చేతికి గ్లవ్వు లేదు! 1875లో చార్లీ వెయిట్ అనే ఆటగాడు గ్లవ్వు వేసుకుని దిగాడు. జనం నవ్వుతారని ఒంటిరంగులో ఉన్నది ఎంచుకున్నాడు. రెండేళ్ళకి స్పాల్డింగ్ అనే ఇంకో ఆటగాడు నల్లటి గ్లవ్వుతో దిగాడు. ఆయనకి అప్పటికే ఆటసామాను వ్యాపారం ఉంది, సిగ్గెందుకుంటుంది!

నేను చేసిందల్లా గడియారాన్ని వెనక్కి తిప్పడమే. మా బడిలో 1864కి ముందు రూలే నడుస్తోంది. ఒక గెంతు తర్వాత పట్టినా అవుట్. బంతి వేసే దూరం కూడా పాతదే, నలభై ఐదు అడుగులు. పెద్దవాళ్ళు 1881 దాకా ఆ దూరంలోనే ఆడారు. ఇప్పుడున్న అరవై అడుగుల ఆరంగుళాలు 1893లో వచ్చింది. బేసులకి, అంటే పరుగెత్తేవాడు తాకాల్సిన గుర్తులకి, సిమెంటు సంచుల్లో ఇసుక నింపి మూతి కుట్టాం. ఇదీ నా సొంత తెలివి కాదు, 1857 నాటి బేసులు కూడా ఇసుకో రంపపుపొట్టో నింపిన కాన్వాసు సంచులే. సెట్టులో బేసులు రాలేదని మొదట్లో తిట్టుకున్నాను, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఇక బంతి. ఈ సమీక్ష రాయాలనిపించిందే దీనికోసం.

రెండు బంతుల్లో ఒకటి మొదటి వారంలోనే నేలబావిలో పడింది. గేలం వేసి తీసేసరికి మర్నాడైంది. ఉబ్బిపోయి కుట్లు తెగాయి, ఇక పనికిరాదని పిల్లల ముందే కోయించాను. పైన తెల్లటి తొడుగు. దాని కింద తెల్లటి సన్న దారం, ఇంకా కింద బూడిదరంగు ఉన్నిలాంటి ముతక దారం, అన్నింటికీ మధ్యలో పెద్ద రేగిపండంత రబ్బరు గుండు. దారం విప్పుతుంటే వరండా స్తంభం నుంచి గేటు దాకా రెండుసార్లు వెళ్ళి వచ్చింది, ఇంకా మిగిలింది. సైన్సు మాస్టారు కూడా పాఠం ఆపి వచ్చి చూశారు. రెండో బంతిని కిరాణా కొట్లో తూకం వేయించాను, 144 గ్రాములుంది. రూలు ప్రకారం 142 నుంచి 149 దాకా ఉండొచ్చు. క్రికెట్ బంతి కన్నా ఓ పిసరు పెద్దది, ఓ పిసరు తేలిక. ఈ ఒక్క విషయంలో అమ్మినవాడు మోసం చెయ్యలేదు.

ఆ రెండో బంతి మూడో వారంలో సరుగుడు బ్యాటు దెబ్బకి (బ్యాటు కథ తర్వాత చెప్తాను) నాలుగు వేళ్ళ మేర నోరు తెరిచింది. విజయనగరం వెళ్ళే పనుంటే జేబులో వేసుకుపోయాను. మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు వెళ్ళే దారిలో, ఒక గొడుగు కింద చెప్పులు కుట్టే పెద్దాయన కూర్చుంటాడు. నా బూట్లు చాలా ఏళ్ళుగా ఆయన దగ్గరే. బంతి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి మాస్టారూ, కిరికెట్టు బంతి కాదేటిది?"

"కాదు మావా, బేస్‌బాల్. అమెరికా ఆట."

"మరి తోలు రెండు ముక్కలే ఉందేటి? కిరికెట్టు బంతికి నాలుగుంటాయి గదా." కుట్టు వెంబడి బొటనవేలితో నెమ్మదిగా తడుముకుంటూ పోయాడు. తిరిగి మొదలెట్టిన చోటికే వచ్చేసరికి ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఓలమ్మో, కుట్టు ఒకటే! ఎక్కడా తెగలేదు. ఇది కోసినోడు బుర్రున్నోడు బాబూ."

ఎనిమిది అంకె ఆకారంలో కోసిన రెండు ముక్కలు ఒకదాన్నొకటి కావిలించుకుంటాయి, అంతే. ఆ కోత వెనక పెద్ద కథే ఉంది. మొదట్లో అమెరికా పల్లెల్లో బంతి కుట్టింది చెప్పులు కుట్టేవాళ్ళే. పాత రబ్బరు బూట్లని పేలికలుగా కోసి ఉండచుట్టి, దానిమీద నూలు చుట్టి, పైన తోలు తొడిగేవాళ్ళు. ఆ తోలు ఒకే ముక్క, నాలుగు రేకుల పువ్వులా కోసి, అంచులు దగ్గరికి లాగి కుట్టేవాళ్ళు. నిమ్మకాయ తొక్క ఒలిచినట్టు ఉంటుందని ఆ పేరే పెట్టారు. ఏ ఊరి బంతి సైజు ఆ ఊరిదే. తర్వాత 1858లో మసాచుసెట్స్‌లోని నాటిక్ అనే ఊళ్ళో హార్వుడ్ కుటుంబం బంతుల ఫ్యాక్టరీ పెట్టింది. ఆ ఊరు అప్పటికే బూట్ల తయారీకి పేరుపడ్డది. తోలు తెలిసిన చేతులు ఇంటింటా ఉన్నాయి, కుట్టుపని ఆడవాళ్ళకి ఇళ్ళకే పంపేవారు. నేటికీ అమెరికా పెద్ద లీగు బంతులు చేత్తోనే కుడతారు, కాకపోతే కోస్టారికాలో.

ఇదంతా చెప్తుంటే పెద్దాయన తల ఎత్తకుండా విన్నాడు. ఆరెతో పాత కన్నాలే వెతుక్కుంటూ, మైనం రాసిన దారం రెండు చివర్లకీ రెండు సూదులు గుచ్చి, ఈ పక్కనొకటి ఆ పక్కనొకటి దూర్చి లాగుతున్నాడు. ఎర్రదారం లేదు, నల్లది వేశాడు. ఊరికే ఉండలేక మొత్తం కుట్లు లెక్కపెట్టాను. నూటెనిమిది జంటలు. పెద్దాయనకి చెబితే, "అష్టోత్రమన్నమాట" అన్నాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు. ఆ నల్లకుట్టు నాలుగు నెలలైనా కదల్లేదు, పక్కనున్న ఫ్యాక్టరీ ఎర్రకుట్టు మాత్రం మళ్ళీ ఊడుతోంది. బంతికి నాలుగు చుక్కలు, పెద్దాయనకి ఐదు. ఆరోది ఉంటే అదీ ఇద్దును.

ఇంకో సంగతి. అప్పట్లో గెలిచిన జట్టుకి కప్పులూ షీల్డులూ ఉండేవి కావు, ఆ రోజు ఆడిన బంతే బహుమతి. దానిమీద తేదీ, స్కోరు రంగుతో రాసి క్లబ్బులో అద్దాల బీరువాలో పెట్టుకునేవారు. ఒక మ్యాచికి ఒక బంతి. మా పిల్లలు తుప్పల్లో పడ్డ బంతికోసం పాములకి కూడా జడవకుండా ఎందుకు వెతుకుతారో నాకు బాగా అర్థమైంది.

బ్యాటుకి ఎక్కువ మాటలు దండగ. మెరుస్తూ వచ్చింది, ఆరో రోజుకి పిడి దగ్గర చీలింది. ఏ కర్రో రాయలేదు, నా అనుమానం మామిడి. మా ఊరి వడ్రంగి సరుగుడు కర్రతో ఒకటి చెక్కి ఇచ్చాడు, అరువు మీద. బరువెక్కువ, పిల్లలు రెండడుగులు ఎడంగా నిలబడి రోకలి ఎత్తినట్టు ఎత్తుతారు, కానీ విరగలేదు. అమెరికా పల్లెల్లో బండి నొగలు చెక్కి బ్యాట్లు చేసుకునేవారని చెబుతారు. లూయీవిల్‌లో 1884లో హిల్లెరిచ్ వాళ్ళ వడ్రంగం షాపులో ఆ ఇంటి కుర్రాడు కర్రని లేతు మీద తిప్పి బ్యాటు చేశాడని, వెన్న చిలికే యంత్రాలు చేసుకునే ఆ తండ్రికి ఈ బ్యాట్ల పని మొదట్లో నచ్చలేదని కథ. మా వడ్రంగికీ నచ్చలేదు. "మంచం కోడు అడిగితే అర్థం ఉంది మాస్టారూ" అన్నాడు.

సామాను సరే, ఆట ఎలా సాగిందో చెప్పాలి. మొదటి రోజే గొడవ. ఏడు పెంకులాట ఆడి పెరిగిన పిల్లలు. చేతిలో బంతి ఉండి ఎదురుగా ఒకడు పరిగెడుతుంటే ఏం చేస్తారు? వీపుకి గురిపెట్టి కొడతారు. ఆరో తరగతి వాడి వీపు మీద కుట్లతో సహా అచ్చు పడింది. వాళ్ళమ్మ మర్నాడు బడికొచ్చి "మా గుంటడ్ని రాయితో కొట్టించారేటి మాస్టారూ" అని నిలదీసింది. తప్పు నాదే. ఎందుకంటే బేస్‌బాల్ కూడా ఒకప్పుడు ఇంతే. పాత పల్లె ఆటల్లో పరిగెత్తేవాణ్ణి బంతితో కొడితే అవుట్, అందుకే బంతి మెత్తగా ఉండేది. మసాచుసెట్స్ వాళ్ళు 1858లో రాసుకున్న రూల్సులో కూడా ఆ కొట్టుడు ఉంది. బేసులకి నాలుగడుగుల గుంజలు పాతేవారు, ఒక్కడు అవుటైతే జట్టంతా అవుట్, వంద పరుగులు ముందు చేసినవాళ్ళు గెలిచినట్టు. న్యూయార్కు వాళ్ళు మాత్రం 1845లోనే మనిషి మీదికి బంతి విసరకూడదని రాసేశారు. మనిషికి తగలదు కాబట్టి బంతి గట్టిపడొచ్చు. గట్టి బంతి దూరం పోతుంది, మైదానం పెద్దదవుతుంది. ఆ ఒక్క వాక్యంతో ఆట రూపే మారింది. ఇది ముందు చదివి ఉంటే ఆ తల్లి చేత మాట పడేవాణ్ణి కాదు. ఇప్పుడు మెత్తటి రబ్బరు బంతితో మసాచుసెట్స్ ఆట చిన్న తరగతులకి, గట్టి బంతితో న్యూయార్కు ఆట పెద్ద తరగతులకి. చిన్నవాళ్ళ ఆటే బాగుంటుందని నా రహస్య అభిప్రాయం.

రెండో గొడవ కిటికీ. కంప్యూటర్ గది అద్దం పగిలింది. హెచ్చెం మేడమ్ కోప్పడలేదు, "బంతాట చెరువులో ఆడుకోండి మాస్టారూ" అని మాత్రం అన్నారు. మసాచుసెట్స్‌లోనే పిట్స్‌ఫీల్డ్ అనే ఊరివాళ్ళు 1791లో సరిగ్గా ఇలాంటి తీర్మానమే చేశారు. కొత్తగా కట్టిన సభామందిరం కిటికీలు పగలకుండా దానికి ఎనభై గజాల లోపల బంతాటలు ఆడకూడదని, అందులో బేస్‌బాల్ పేరు కూడా రాశారు. అలాంటిది, ఈ ఆటని 1839లో కూపర్స్‌టౌన్ అనే ఊళ్ళో, తర్వాత సైన్యంలో జనరలైన డబుల్‌డే అనే ఆయన కనిపెట్టాడని 1907లో ఒక కమిటీ తేల్చింది. ఆ ఏడాది ఆయన వెస్ట్‌పాయింట్ మిలటరీ కాలేజీలో చదువుకుంటున్నాడు! మన దగ్గర ప్రతి కొండగుహా పాండవులదే అయినట్టు, అక్కడ ప్రతి ఆటకీ ఒక జనరల్ కావాలి. అయినా 1939లో బేస్‌బాల్ మ్యూజియం ఆ ఊళ్ళోనే తెరిచారు. కూపర్స్‌టౌన్‌కి కథ ఉంటే పిట్స్‌ఫీల్డ్‌కి పగిలిన అద్దాలున్నాయి. నేను అద్దాల పక్షం.

అలా చెరువుకి పోయాం. మాఘమాసం వచ్చేసరికి మా ఊరి చెరువు గర్భం ఎండి నెర్రెలిస్తుంది. బంతి నెర్రెలో పడితే ఎటు లేస్తుందో బ్రహ్మకి కూడా తెలీదు, ఒక గెంతు రూలు ఉన్నది అందుకే కాబోలు. తొమ్మిదో తరగతిలో ఒక గుంట, అదే ఆడపిల్ల, ఉంది. జొన్నచేను దగ్గర మంచె ఎక్కి ఒడిసెలతో పిట్టల్ని తోలిన చెయ్యి. మొదటిరోజే చేతిని కిందినుంచి ఊపి వేసింది, ఆ పాతరోజుల్లో అందరూ వేసినట్టే. పైనుంచి విసరడానికి 1884లో గానీ ఒప్పుకోలేదు. నేను పైచెయ్యి నేర్పితే రెండు రోజుల్లో పట్టేసింది. వాళ్ళ నాన్న సాయంత్రాలు గేదెల్ని తోలుకొచ్చి గట్టు మీద నిలబడి చూస్తాడు, ఏమీ మాట్లాడడు. ఒకరోజు మేము వెళ్ళేసరికి బంతి వేసే చోటు నెర్రెలు మట్టితో పూడ్చి, దిమ్మిసతో కొట్టి ఉంది. అడిగితే "మా గుంట కాలు ఇరుక్కుంటాదని" అన్నాడు. అయోవాలో వాన్ మీటర్ దగ్గర ఫెల్లర్ అనే రైతు 1930ల మొదట్లో సొంత పొలంలో కొడుకు కోసం ఏకంగా మైదానమే కట్టాడు. ఊరి జట్లు అక్కడ ఆడేవి. ఆ కొడుకు బాబ్ 1936లో పదిహేడేళ్ళకే పెద్ద లీగులో మొదటిసారి ఆట ఆరంభం నుంచి బంతి వేసి, పదిహేనుమందిని స్ట్రైకౌట్ చేసి (అంటే బంతి కొట్టనివ్వకుండా తనే అవుట్ చేసి), తిరిగొచ్చి హైస్కూలు పూర్తి చేశాడు. ఈ సంగతి ఆ గుంట తండ్రికి చెప్పాను. మొత్తం విని, "బడి మానకుండా ఉంటే సాలు" అన్నాడు.

మా స్టాఫ్‌రూమ్‌లో ఒక వాదన ఉంది, అమెరికా ఆటలు మనకెందుకని. వాలీబాల్ ఎక్కడిదనుకుంటున్నారు? 1895లో మసాచుసెట్స్‌లోని హోల్యోక్‌లో వైఎమ్‌సీఏ (క్రైస్తవ యువకుల సంఘం) మాస్టారు ఒకాయన పెట్టిన ఆట. మద్రాసులో 1920లో వ్యాయామ కాలేజీ పెట్టిన హ్యారీ బక్ కూడా అమెరికా వైఎమ్‌సీఏ మనిషే. వాలీబాల్‌కి రెండు గుంజలు, ఒక వల, ఒక బంతి చాలు, అందుకే సంక్రాంతికి ఊరూరా టోర్నమెంటు పెట్టుకుంటున్నాం. బేస్‌బాల్ రాకపోవడానికి గ్లవ్వులే కారణమని నా లెక్క. తొమ్మిది మందికి తొమ్మిది, అదీ సరైన చేతివి! పైగా బ్యాటు చోటు క్రికెట్ ఎప్పుడో ఆక్రమించింది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన ఇండియా జట్టు కెప్టెన్ మా విజయనగరం రాజకుమారుడు విజ్జీయే కదా. రాజులది రాజులాట. మాది చెరువాట.

కొనేవాళ్ళకి చివరి మాట. బంతులు విడిగా, కనీసం నాలుగు. నేను మొన్న మూడు తెప్పించాను, ఇంకో దుకాణం నుంచి. వాటిని పిల్లలకి ఇవ్వకముందే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళి కుట్లు ఒకసారి చూడమన్నాను. చూసి, ఒకదానికి రెండుచోట్ల బిగించి, డబ్బులొద్దన్నాడు. తర్వాత పెట్టెలోంచి ఒక అట్టముక్క తీసి చూపించాడు. బావిలో పడ్డ బంతి తొడుగు ఊరికే పారెయ్యకుండా ఆయనకిచ్చాను లెండి, దాన్ని అట్టమీద పరిచి పెన్సిలుతో చుట్టూ గీసుకున్నాడు. ఎనిమిది అంకె, అంచులమ్మట నూటెనిమిది చుక్కలు.

"తోలు తెచ్చీయండి మాస్టారూ" అన్నాడు. "లోపలికి దారం మీ గుంటల్నే సుట్టమనండి."